మిషన్ హోమ్‌లలో బధిరులు, వికలాంగులు: కూడూ గుడ్డా సరే, వాటా ఎక్కడ?

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో 201వ శ్లోకం ఆస్తిలో వాటా ఎవరికి రాదో చెబుతుంది. ఆ జాబితాలో పుట్టుగుడ్డి, చెవిటి, మూగ, మతి చలించినవారు, అవయవం లోపించినవారు ఉన్నారు. వారి పక్కనే, అదే శ్లోకంలో, ‘పతితుడు’ కూడా ఉన్నాడు. అంటే కులం నుంచి వెలివేయబడ్డవాడు. ఆ తర్వాతి శ్లోకం వీళ్లకు బతికినంతకాలం తిండీ బట్టా ఇవ్వాలంటుంది. కూడు పెట్టండి, గుడ్డ ఇవ్వండి, వాటా మాత్రం ఇవ్వకండి. ఇదీ ఆ ధర్మశాస్త్రం మాట.

ఇది పుస్తకంలో మిగిలిపోయిన మాట కాదు. బ్రిటిష్ కోర్టులు హిందూ వారసత్వ తగాదాల్లో ఈ నియమాన్ని అమలు చేశాయి. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో అంబేద్కర్ నాయకత్వంలో మనుస్మృతిని తగలబెట్టారు. మరుసటి ఏడాది, 1928లో వచ్చిన చట్టం చెవిటి, మూగ, అంధులకు వారసత్వ హక్కు నిరాకరించడాన్ని చాలావరకు రద్దు చేసింది. పుట్టుకతో మతిస్థిమితం లేనివారికి మాత్రం అప్పుడు కూడా దక్కలేదు. వారి కోసం 1956 హిందూ వారసత్వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ చరిత్ర గుర్తుంటేనే క్రైస్తవ మిషన్లు బధిరుల కోసం, వికలాంగుల కోసం, కుష్ఠు బాధితుల కోసం నడిపిన బడులు, ఆసుపత్రులు, హోమ్‌లు ఏం ఇచ్చాయో, ఏం ఇవ్వలేదో సరిగ్గా అంచనా వేయగలం. వాటిని దైవకార్యమని పొగిడేవాళ్లున్నారు, మతమార్పిడి దుకాణాలని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఆ హోమ్‌లలో బతికే మనిషి గురించి ఈ రెండు వర్గాలూ పెద్దగా మాట్లాడవు. మేము ఆ మనిషి వైపు నుంచి ఒకే ప్రశ్న అడుగుతున్నాం: కూడూ గుడ్డా దొరికాయి సరే, వాటా దొరికిందా?

మాటల గురించి ఒక మాట

‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనే సామెత మనం కూడా వాడేస్తుంటాం. కులం పేరును తిట్టుగా వాడితే మనకు ఎంత కాలుతుందో, ఒక బధిరుడికి ఈ సామెత అంతే. 2015 డిసెంబరులో ప్రధాని ‘దివ్యాంగులు’ అనే పేరు ప్రతిపాదించారు. లోపాన్ని దైవత్వంగా చూపించే ఆ పేరును వికలాంగుల హక్కుల సంఘాలు చాలావరకు ఒప్పుకోలేదు. ‘హరిజన’ అన్న పేరును మనం ఎందుకు కాదన్నామో తెలిసినవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. ఈ వ్యాసంలో బధిరులు, వికలాంగులు అనే మాటలే వాడుతున్నాం.

తలుపు తెరిచింది ఎవరు?

1876-78 కరువు తర్వాత తెలుగు నేల మీద మిషన్ల కథ మలుపు తిరిగింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ మిషన్‌ను నడిపిన జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. ఊరిబడి గడప ఎక్కనివ్వని పిల్లలకు మిషన్ బడి పలక ఇచ్చింది. వైద్యుడు తాకని రోగిని మిషన్ ఆసుపత్రి తాకింది.

బధిరుల చదువు కూడా దాదాపు ఆ కాలంలోనే మొదలైంది. 1880ల మధ్యలో బొంబాయిలో కాథలిక్ బిషప్ లియో మెరాన్ చొరవతో దేశంలో తొలి బధిరుల పాఠశాల ఏర్పడింది. 1887లో అమృత్‌సర్‌లో యానీ షార్ప్ అంధుల బడి ప్రారంభించింది. అది తర్వాత డెహ్రాడూన్ దగ్గరికి మారింది. 1897లో తమిళనాడులోని పాళయంకోట్టైలో ఇంగ్లండు చర్చి జెనానా మిషన్‌కు చెందిన ఫ్లోరెన్స్ స్వేన్సన్ బధిరుల బడి పెట్టింది. ఆమె పేరుతో ఆ బడి నేటికీ ఉంది.

అలాగని అన్నీ మిషన్లే చేశాయనడం తప్పు. 1893లో కలకత్తాలో మొదలైన బధిరుల పాఠశాలను చదువుకున్న బెంగాలీలే పెట్టారు. కానీ నగరంలో పలుకుబడి ఉన్న కుటుంబాలు కట్టిన బడి గేటు దాకా వాడలోని బధిర పిల్ల చేరడం ఎంత కష్టమో మనకు తెలుసు. పల్లె దాకా వచ్చి పిల్లను వెంట తీసుకెళ్లిన మిషన్ మనిషి పేద దళిత కుటుంబానికి అందిన కొద్ది దారుల్లో ఒకటి.

డిచ్‌పల్లి

నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలోని విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి తెలుగు నేల మీద ఈ చరిత్రకు మంచి ఉదాహరణ. స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున నిజాం రాజ్యంలో పనిచేశారు. హిందువైన ధనికుడు రాజా నర్సా గౌడ్ ఇచ్చిన విరాళం తోడై 1915లో ఆ కేంద్రం తెరుచుకుంది. అప్పట్లో ఉన్న మందు చాల్‌మూగ్రా జాతి నూనె. దాన్ని సూదిమందుగా, నెలల తరబడి ఇవ్వాలి. ఇసబెల్ కెర్ 1932లో మరణించేదాకా అదే పని చేసింది.

అదే కాలంలో ప్రభుత్వం ఏం చేస్తోందో కూడా చూడాలి. 1898 కుష్ఠురోగుల చట్టం ప్రకారం, అది అమలైన ప్రాంతాల్లో, బిచ్చమెత్తుకునే కుష్ఠురోగిని పోలీసు వారంటు లేకుండా పట్టుకుని శరణాలయంలో పెట్టొచ్చు. ఆ రోగి తిండి పదార్థాలు, బట్టలు తయారుచేసి అమ్మకూడదు. ప్రజలందరూ వాడే బావిలో, చెరువులో నీళ్లు ముట్టకూడదని నిషేధించడానికీ ఆ చట్టం వీలిచ్చింది. బావి దగ్గర నిలబెట్టి వెనక్కి పంపడం మన తాతలకు కొత్త కాదు. అక్కడ ఆచారం చేసిన పనిని ఇక్కడ చట్టం చేసింది. ఈ చట్టాన్ని పార్లమెంటు పూర్తిగా తొలగించింది 2016లో. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే నిబంధన పోయింది 2019లో.

1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చి కుష్ఠు నయమయ్యే జబ్బు అయింది. 2005 డిసెంబరులో, పదివేల మందికి ఒకటి కన్నా తక్కువ కేసులున్నాయని, అది ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది. జబ్బు తగ్గినా వెలి తగ్గలేదు. మునిసిపల్ పదవికి కుష్ఠు బాధితులు అనర్హులనే ఒడిశా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది. వైద్యం అందిన మనిషికి కుర్చీ అందలేదు.

గోడల లోపల

మిషన్లు నడిపిన కుష్ఠు శరణాలయాల్లో ఆడవాళ్లను, మగవాళ్లను వేరువేరుగా ఉంచడం చాలాకాలం నియమం. జబ్బు సోకని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే హోమ్‌లో పెంచేవాళ్లు. రోగం అంటకూడదనే భయం ఒకటి, ఈ రోగులు సంసారం చేయకూడదనే ఆలోచన ఇంకొకటి. లోపల ఉన్నవాళ్లను అడిగి పెట్టిన నియమాలు కావవి.

బధిరుల బడుల్లో ఇంకో రకం గోడ ఉండేది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ బధిర పిల్లలకు సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. ఓటేసినవారిలో దాదాపు అందరూ వినికిడి ఉన్నవాళ్లే. ఆ తీర్మానం ప్రభావం ప్రపంచమంతటి బడుల మీద పడింది, మన దేశం దాకా వచ్చింది. తరగతిలో చేతులు కట్టుకుని పెదవుల కదలికలు చూస్తూ కూర్చున్న పిల్లలు, రాత్రి హాస్టల్లో దొంగతనంగా సైగలతో మాట్లాడుకున్నారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో అదే మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి, జరిగిన హానికి విచారం తెలిపింది. 130 ఏళ్లు పట్టింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బధిర పిల్ల ఇంట్లో ఒంటరి. అమ్మానాన్నకు సైగ భాష రాదు, వాడలో ఎవరికీ రాదు. తనలాంటి పిల్లలు పది మంది ఒకచోట చేరినప్పుడే భాష పుడుతుంది. ఆ పది మందినీ చేర్చింది హాస్టల్. అంటే భాషను నిషేధించిన చోటే భాష పెరిగింది. అందుకే హోమ్‌లన్నీ మూసేయమనడం తేలిక పరిష్కారం కాదు. పిల్లలు కలిసే చోటు ఉండాలి, ఆ చోటు మీద వాళ్లకు అధికారం ఉండాలి.

ప్రభుత్వం తన వంతు ఎంత ఆలస్యంగా చేసిందో కూడా చెప్పాలి. భారతీయ సైగ భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది 2015లో. తొలి నిఘంటువు 2018లో 3,000 పదాలతో వచ్చింది. సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్‌ఐఓఎస్, ఆ భాషను సెకండరీ స్థాయిలో ఒక సబ్జెక్టుగా ప్రవేశపెట్టింది 2021లో.

వెల్లూరు చూపిన మలుపు

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో, కుష్ఠుతో వంకరపోయిన చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. వేళ్లు విచ్చుకున్నాయి గానీ బతుకుదెరువు రాలేదు. అందుకని ఆపరేషన్ అయినవాళ్లకు చేతిపనులు నేర్పే కేంద్రం పెట్టారు. స్పర్శ లేని పాదానికి పుండు పడకుండా మెత్తటి రబ్బరు చెప్పులు తయారుచేయడం కూడా ఈ వైద్యంలో భాగమే. ‘ఎంసీఆర్ చెప్పులు’ అని వాటిని నేటికీ ప్రభుత్వ కార్యక్రమంలో పంచుతున్నారు. చెప్పు కుట్టే పనిని నీచమని చూసిన సమాజంలో, ఆ పని తెలిసిన చేయి ఒక కాలిని కాపాడుతుందని గుర్తించిన వైద్యం ఇది.

అక్కడే 1954లో మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు బాధితుల చేతులకు ఆపరేషన్లు చేసింది, అమెరికాలో పునరావాస వైద్యం చదివింది, 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టింది. వికలాంగురాలే సంస్థకు తల అయినప్పుడు రోగిని చూసే తీరు మారుతుంది. అయితే ఆమె కేరళలో కలిగిన కుటుంబం నుంచి వచ్చింది, ప్రమాదానికి ముందే వైద్యురాలు. మన వాడ నుంచి వచ్చిన వికలాంగ పిల్లకు ఆ కుర్చీ దాకా దారి ఏదన్నది మిగిలిన ప్రశ్న.

బధిరుడే బడి పెడితే

ఈ ప్రశ్నకు ఒక జవాబు ఆఫ్రికాలో కనిపిస్తుంది. ఆండ్రూ ఫోస్టర్ అమెరికాలోని అలబామాలో 1925లో పుట్టిన నల్లజాతి మనిషి. పదకొండో ఏట మెదడువాపు జ్వరంతో వినికిడి పోయింది. వర్ణవివక్ష రాజ్యమేలే రోజులవి. బధిరుల విశ్వవిద్యాలయమైన గ్యాలడెట్ నుంచి 1954లో పట్టా పుచ్చుకున్న తొలి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1956లో బధిరుల కోసం క్రైస్తవ మిషన్ స్థాపించి, మరుసటి ఏడాది ఘనాలో తొలి బడి తెరిచాడు. 1987లో విమాన ప్రమాదంలో మరణించేనాటికి ఆఫ్రికాలోని 13 దేశాల్లో 30కి పైగా బధిరుల పాఠశాలలకు కారకుడయ్యాడు.

ఆయన సైగలతోనే పాఠం చెప్పాడు. బధిరులకే టీచర్లుగా శిక్షణ ఇచ్చాడు. ఆయన తీసుకెళ్లిన అమెరికన్ సైగలు స్థానిక సైగ భాషలను తొక్కేశాయన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ ఒక తేడా చూడండి. దయ చూపించాల్సిన మనిషిగా ఉన్న నల్లజాతి బధిరుడే బడికి పెద్ద అయ్యాడు. ‘మా గురించి మేం లేకుండా ఏదీ వద్దు’ అని వికలాంగుల ఉద్యమం తర్వాత ఎత్తుకున్న నినాదానికి అది ముందే దొరికిన ఆచరణ.

మన చర్చిల్లో పరిస్థితి ఏమిటి? తెలుగు క్రైస్తవుల్లో మెజారిటీ దళితులు. దేశంలో తొలి దళిత కార్డినల్‌గా హైదరాబాద్ ఆర్చిబిషప్ ఆంథోనీ పూల నియమితులైంది 2022లో. చర్చి నాయకత్వంలోనే దళితుడి వాటాకు ఇంతకాలం పడితే, చర్చి నడిపే హోమ్‌లో దళిత బధిరుడి వాటా గురించి ఎవరు అడగాలి? మనమే.

రెండు ధ్రువపత్రాల మధ్య

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు. మొత్తం జనాభాలో 2.21 శాతం. ఎస్సీల్లో మాత్రం 2.45 శాతం. వారిలో క్రైస్తవ దళితులను ఈ లెక్క ఎస్సీలుగా చూడదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు బయటే ఉన్నారు. ఆ పేరాను తొలగించాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

ఇది హోమ్‌లో ఉన్న పిల్లకు ఎలా తగులుతుందో చూద్దాం. ఒకే వాడ నుంచి ఇద్దరు బధిర ఆడపిల్లలు వచ్చారనుకోండి. ఇద్దరి వినికిడి పరీక్ష ఫలితమూ ఒకటే, ఇద్దరికీ సదరం ధ్రువపత్రం ఉంది. ఉద్యోగాల్లో వికలాంగులకున్న 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం కోటాకు ఇద్దరూ అర్హులే. కానీ వికలాంగ కోటా అడ్డంగా వర్తించే రిజర్వేషన్. ఎంపికైన మనిషిని తన సామాజిక వర్గం ఖాతాలోనే సర్దుతారు. ఒక పిల్ల ఎస్సీ. రెండో పిల్ల తెలుగు రాష్ట్రాల్లో 1 శాతం కోటా ఉన్న బీసీ-సి. స్కాలర్‌షిప్పు వేరు, అట్రాసిటీ చట్టం రక్షణ వేరు. వినికిడి లేకపోవడం ఒకటే, వాడ ఒకటే, వెలి ఒకటే.

కోర్టులు ఈ గీతను ఇంకా గట్టి చేస్తున్నాయి. క్రైస్తవాన్ని ఆచరిస్తూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం చెల్లదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అంది. పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. కాబట్టి హోమ్‌లో చేర్చుకునే ఫారంలో మతం గడిలో ఎవరో గుమాస్తా రాసే ఒక్క మాట, రేపు కుల ధ్రువపత్రం విచారణలో బయటికి రావచ్చు. ఆ గడి నింపే హక్కు ఆ మనిషిది, ఆ కుటుంబానిది. సిబ్బందిది కాదు.

చట్టం ఏం ఇస్తోంది?

2016 వికలాంగుల హక్కుల చట్టం మతం చూడదు. అట్రాసిటీ చట్టం అందని క్రైస్తవ దళిత వికలాంగులకు ఇది ముఖ్యమైన ఆయుధం. కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు ఇవి.

సెక్షన్ 5: సమాజంలో బతికే హక్కు. ఫలానా చోటే ఉండాలని ఎవరూ నిర్బంధించరాదు.

సెక్షన్ 7: హింస, దోపిడీ జరుగుతోందని నమ్మకమైన కారణం ఉంటే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. కాపాడి, రక్షణ కల్పించే ఉత్తర్వులు ఆయన ఇవ్వవచ్చు.

సెక్షన్ 17: సైగ భాష, బ్రెయిలీ తెలిసిన టీచర్లను తయారుచేసి నియమించే బాధ్యత ప్రభుత్వానిది.

సెక్షన్ 50: రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా వికలాంగుల సంస్థ నడపరాదు.

సెక్షన్ 92: నలుగురిలో కావాలని అవమానించడం, కొట్టడం, లైంగిక దోపిడీ చేయడం నేరం. తన అధీనంలో ఉన్న వికలాంగులకు తెలిసీ తిండీ నీళ్లూ ఇవ్వకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా.

డబ్బు ఆగితే

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం నిషేధించారు. నిర్వహణ ఖర్చు పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. పెద్ద సంస్థ ద్వారా డబ్బు అందే పల్లెటూరి హోమ్‌కు ఇది నేరుగా తగిలింది. 2021 డిసెంబరు 25న మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి అనుమతి పునరుద్ధరణ నిరాకరించినట్టు వార్త వచ్చి, కొద్ది రోజులకే మళ్లీ ఇచ్చారు. అంత పేరున్న సంస్థ కాబట్టి లోకమంతా మాట్లాడింది. పేరు లేని హోమ్‌లో బియ్యం తగ్గితే వార్త రాదు.

ఇక్కడ రెండు మాటలు కలిపి చెప్పాలి. లెక్కలు చూపమని అడగడం తప్పు కాదు. కానీ ప్రత్యామ్నాయం చూపకుండా డబ్బు ఆపితే నష్టపోయేది మిషన్ కాదు, లోపలున్న మనిషి. విదేశీ దాత దయ మీద ఒక బధిర పిల్ల చదువు ఆధారపడటమే అసలు తప్పు. అది ప్రభుత్వం మీద ఉన్న బాధ్యత.

హోమ్‌కు వెళ్తే ఏం అడగాలి?

విద్యార్థి సంఘాలు, కార్యకర్తలు ఒక హోమ్‌కు వెళ్లినప్పుడు పండ్లు పంచి ఫొటో దిగి రాకండి. ఈ ప్రశ్నలు అడగండి.

1. సెక్షన్ 50 కింద రిజిస్ట్రేషన్ ఉందా? గడువు ఎప్పటిదాకా?

2. ప్రతి ఒక్కరికీ సదరం, ఆధార్, ఓటరు కార్డు, అర్హతను బట్టి కుల ధ్రువపత్రం ఉన్నాయా? అవి ఎవరి దగ్గర ఉన్నాయి?

3. పింఛను ఎవరి ఖాతాలో పడుతోంది? ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పాస్‌బుక్కు మనిషి చేతిలో ఉందా, ఆఫీసు బీరువాలో ఉందా?

4. సిబ్బందిలో సైగ భాష వచ్చినవాళ్లు ఎంతమంది? బధిరులైన టీచర్లు ఉన్నారా?

5. ప్రార్థనకు రాకపోతే ఏమవుతుంది? రాననే స్వేచ్ఛ ఉందా? వేరే మతం వాళ్లు తమ పండుగ చేసుకోవచ్చా?

6. బయటికి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలి? ఇంటికి వెళ్లిపోతానంటే ఏం చేస్తారు?

7. చదువు పూర్తయినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఉద్యోగమా, పెళ్లా, మళ్లీ వాడలో ఒంటరితనమా?

8. హోమ్‌ను నడిపే కమిటీలో అక్కడ ఉంటున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?

ఈ ప్రశ్నలు మిషన్ హోమ్‌కే కాదు, ప్రభుత్వ హాస్టల్‌కూ, మఠం నడిపే ఆశ్రమానికీ వర్తిస్తాయి. బధిరులు మాట్లాడుతుంటే సూపరింటెండెంటు అనువాదం చేస్తే చాలదు. సైగ భాష వచ్చిన మనిషిని మీరే వెంట తీసుకెళ్లండి. లేకపోతే మీరు విన్నది సూపరింటెండెంటు మాటే అవుతుంది.

ఎవరూ తాకని కాలంలో తాకినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం, ఆ మాట దాచనక్కరలేదు. కానీ రుణం వేరు, హక్కు వేరు. ఎనిమిదో ప్రశ్నకు ‘ఉన్నారు’ అనే జవాబు వచ్చిన రోజున, మనువు రాసిన ఆ రెండు శ్లోకాలనూ ఆ హోమ్ దాటినట్టు. అప్పటిదాకా అడుగుతూనే ఉందాం.